ఈ మందు మన రోగనిరోధక వ్యవస్థను దెబ్బతీస్తుందా? పరీక్ష ఎలా చేయాలి

2021 మే నెలలో కృష్ణపట్నం దారి పట్టిన జనాన్ని నెల్లూరు జిల్లాలో ఎవరూ మరిచిపోయి ఉండరు. కరోనాకు మూలికల మందు ఇస్తున్నారని విని ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆ రోజుల్లో టీ కొట్టు నుంచి టీవీ చర్చ దాకా ఒకటే ప్రశ్న: ఇది ఇమ్యూనిటీ పెంచుతుందా? ఆ ఊపు మన కాలేజీ ప్రాజెక్టుల్లోకీ వచ్చింది. తిప్పతీగ, వేప, తులసి, ఏది చేతిలోకి తీసుకున్నా "పెంచుతుందా" అనే చూస్తున్నారు.

దానికి ఎదురు ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. ఈ కొత్త మందు, ఈ పురుగుమందు, ఈ రంగు రసాయనం మన రోగనిరోధక వ్యవస్థను పాడుచేస్తుందా? మనిషి ప్రాణానికి సంబంధించినంతవరకు ఇదే ముందు అడగాల్సిన ప్రశ్న. మీరు నెల్లూరులోనో ఒంగోలులోనో ఎం.ఫార్మసీ చదువుతున్నా, జువాలజీలోనో బయోటెక్నాలజీలోనో ప్రాజెక్టు చేస్తున్నా, ఆ పరీక్షను మొదటి నుంచి చివరి దాకా ఎలా నడపాలో ఇక్కడ చెబుతాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో తెల్ల రక్తకణాల లెక్క ఒక పట్టికలో వేసి, "తేడా లేదు, కాబట్టి రోగనిరోధక వ్యవస్థకు హాని లేదు" అని ముగిస్తారు. ఇది తప్పు ముగింపు. ఇంట్లో మోటారు ఉందని చూసి వచ్చేస్తే చాలదు, స్విచ్ వేస్తే నీళ్ళు వస్తున్నాయా లేదా చూడాలి. రోగనిరోధక కణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాక వాటికి ఒక పని చెప్పి, చేస్తున్నాయా లేదా చూడాలి. ఈ వ్యాసంలో మిగతాదంతా ఆ పని ఎలా చెప్పాలి, ఎలా కొలవాలి అన్నదాని చుట్టూనే ఉంటుంది.

ముందు మీ ప్రశ్న ఏ వైపుదో తేల్చుకోండి

రోగనిరోధక వ్యవస్థకు హాని నాలుగు వైపుల నుంచి వస్తుంది. ఒకటి, అణచివేత: శక్తి తగ్గి జబ్బులు సులువుగా పట్టుకుంటాయి. క్యాన్సర్‌కు వాడే సైక్లోఫాస్ఫమైడ్, స్టెరాయిడ్లు ఇలా చేస్తాయి. రెండు, అతి ఉత్తేజం: వ్యవస్థ అదుపు తప్పి చెలరేగుతుంది. మూడు, అలర్జీ. పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ తగిలి చర్మం మీద దద్దుర్లు వచ్చినవాళ్ళు మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. ఆ మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనాన్ని రోగనిరోధక వ్యవస్థ ఒకసారి శత్రువుగా గుర్తుపెట్టుకుంటే, తర్వాత తగిలిన ప్రతిసారీ ఒళ్ళు తిరగబడుతుంది. నాలుగు, సొంత శరీరం మీదే దాడి. బీపీకి వాడే హైడ్రలజీన్, గుండె లయ సరిచేయడానికి వాడిన ప్రొకైనమైడ్ కొందరిలో లూపస్ లాంటి జబ్బు తెచ్చిపెట్టడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి.

ఈ నాలుగింటికీ ఒకే పరీక్ష లేదు. నాలుగోదానికైతే అందరూ ఒప్పుకున్న జంతు పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే ప్రాజెక్టు పేరులో "రోగనిరోధక వ్యవస్థపై ప్రభావం" అని విశాలంగా పెట్టకండి. "యాంటీబాడీ స్పందనను తగ్గిస్తుందా" అనో "చర్మానికి అలర్జీ తెస్తుందా" అనో పెట్టండి. గైడ్ కొంచెం గొణిగినా పర్వాలేదు. విద్యార్థి స్థాయిలో బాగా చేయగలిగింది మొదటిది. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

చేతిలో ఉన్న పదార్థం ఏమిటి?

సులువుగా కనబడే ఈ అడుగులోనే చాలా పరీక్షలు పాడవుతాయి. ఒంగోలు పొగాకు చేలల్లో వాడే పురుగుమందును పరీక్షించాలనుకున్నారనుకోండి. షాపులో కొన్న డబ్బాలో అసలు మందు కొంతే ఉంటుంది. మిగతాది ద్రావకం, నురగ పదార్థం, ఇంకా ఏవేవో. వాటిలో ఏదైనా సొంతంగా కణాలను చంపగలదు. కాబట్టి శుద్ధమైన టెక్నికల్ గ్రేడ్ పదార్థం తెప్పించుకోండి. దానితో వచ్చే విశ్లేషణ పత్రం, బ్యాచ్ నంబరు ఫైల్లో పెట్టుకోండి. రైతు ఒంటికి తగిలేది మొత్తం డబ్బాలోని మందే కదా అంటారా, న్యాయమైన ప్రశ్నే. అప్పుడు రెండూ పెట్టి పోల్చండి. పేరు మాత్రం స్పష్టంగా రాయండి.

చీమకుర్తి రాతి దుమ్ము మీద పని చేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేయడమే కాక, కీళ్ళవాతం, స్క్లిరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులతోనూ, అంటే ఒంటి రక్షణే ఒంటి మీద దాడి చేసే జబ్బులతోనూ, ముడిపడి ఉందని తెలుసు కాబట్టి ఆలోచన మంచిదే. కానీ చీమకుర్తిలో తవ్వే బ్లాక్ గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భశాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. మామూలు గ్రానైట్‌తో పోలిస్తే అందులో క్వార్ట్జ్, అంటే స్ఫటిక సిలికా, చాలా తక్కువ. దుమ్ములో స్ఫటిక సిలికా ఎంతుందో ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో కొలిపించకుండా "సిలికా ప్రభావం" అని మొదలుపెడితే, లేని దాని కోసం వెతికినట్టవుతుంది.

మూలికా కషాయాలకూ ఇదే నియమం. ఆకు ఎక్కడ కోశారు, ఏ ద్రావకంలో తీశారు, ఎండాక ఎంత బరువు వచ్చింది, ఇవన్నీ రాయాలి. వృక్షశాస్త్ర విభాగంలో మొక్కను గుర్తింపజేసి హెర్బేరియం నమూనా పెట్టించండి.

ఎలుకను ముట్టే ముందు చదవాల్సినవి

మందుల విషయంలో ప్రపంచమంతా అనుసరించే పత్రం ఐసీహెచ్ (మందుల నియమాలను దేశాల మధ్య ఒకేలా చేసే అంతర్జాతీయ మండలి) వారి ఎస్8. 2005లో వచ్చింది. అది చెప్పే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది: ప్రతి మందుకూ అన్ని పరీక్షలూ చేయమనదు, ముందు ఉన్న ఆధారాలన్నీ తూకం వేయమంటుంది. మామూలు విష పరీక్షల్లో తెల్లకణాలు తగ్గాయా? థైమస్ (టి కణాలనే తెల్లకణాలు ఎదిగే ఛాతీలోని గ్రంథి) చిక్కిపోయిందా? ఇన్ఫెక్షన్లు పెరిగాయా? మందు పనిచేసే తీరులోనే రోగనిరోధక కణాలతో సంబంధం ఉందా? దాని నిర్మాణం ఇప్పటికే హాని చేస్తుందని తెలిసిన మందును పోలి ఉందా? మందు ఆ కణాల్లో పేరుకుపోతుందా? దాన్ని వాడబోయే రోగులు ఇప్పటికే ఇమ్యూనిటీ తక్కువగా ఉన్నవాళ్ళా? వీటిలో బలమైన కారణం ఒక్కటి కనబడినా, లేదా బలహీనమైనవి రెండు మూడు కలిసినా అదనపు పరీక్షలకు వెళ్ళాలి. అలర్జీ, ఆటోఇమ్యూనిటీ, జీవ ఔషధాలు ఈ పత్రం పరిధిలోకి రావు. వాటికి వేరే దారులున్నాయి.

ఈ ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి, ఎదురుగా మీకు దొరికిన జవాబు రాయండి. ఆ కాగితమే మీ సినాప్సిస్‌కు వెన్నెముక.

అనుమతులు, జంతువులు

సంస్థాగత జంతు నీతి కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా తాకకూడదు. జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్ఈఏ నమూనాలో ఫారం-బి నింపాలి. ఇదివరకు సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళు, సంస్థ అదే. మీ కాలేజీ జంతుశాలకు నమోదు ఉందో లేదో, అది ఎప్పటివరకు చెల్లుతుందో ఆఫీసులో అడిగి కళ్ళారా చూడండి. ఎలుకలను నమోదు ఉన్న పెంపకందారు దగ్గరే కొనాలి. హైదరాబాద్ నుంచి తెప్పిస్తే రాత్రి ప్రయాణం పెట్టించండి. వచ్చాక కనీసం 5 రోజులు అలవాటు పడనివ్వాలి. మండు వేసవిలో వచ్చినవాటికి నేనైతే వారానికి పైనే ఇస్తాను.

నెల్లూరు పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: "సార్, మన దగ్గర రొయ్యలే కదా ఎక్కువ, రొయ్యల మీద చేయొచ్చా?" చేయొచ్చు, కానీ రొయ్యకు యాంటీబాడీలు ఉండవు. దాని రక్షణంతా హీమోసైట్లు అనే రక్తకణాలు, ఫినాల్ ఆక్సిడేజ్ లాంటి ఎంజైముల మీద నడుస్తుంది. చెరువులో వాడే రసాయనం రొయ్యకు హాని చేస్తుందా అనేది మీ ప్రశ్న అయితే హీమోసైట్ల లెక్క తీసి, ఆ ఎంజైము చురుకుదనం కొలిచి, విబ్రియో బ్యాక్టీరియాను తట్టుకుంటుందో లేదో చూడండి. అది విలువైన పని. మనిషి మందు గురించి మాత్రం దాన్నుంచి ఏమీ చెప్పలేం.

ఇంకో సంగతి. కాలేజీలో చేసిన పరీక్షతో మందుకు అనుమతి రాదు. దానికి జీఎల్‌పీ (మంచి ప్రయోగశాల పద్ధతుల) ధ్రువీకరణ ఉన్న ల్యాబ్ కావాలి. భారత్ 2011 నుంచి ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ పరస్పర ఆమోద ఒప్పందంలో పూర్తి భాగస్వామి కాబట్టి, అలాంటి ల్యాబ్‌లో ఇక్కడ చేసిన ఫలితాన్ని మిగతా సభ్యదేశాలూ ఒప్పుకుంటాయి. మీ పని నేర్చుకోవడానికి, తొలి సంకేతం పట్టుకోవడానికి. ఆ తేడా మీకూ మీ గైడ్‌కూ మొదటి రోజే స్పష్టంగా ఉండాలి.

28 రోజుల పరీక్ష: ముందు లెక్కలు

ఓఈసీడీ 407వ మార్గదర్శకం ఇందుకు పునాది. మూడు డోసులు, మందు ఇవ్వని ఒక కంట్రోల్ గుంపు. ప్రతి గుంపులో 5 మగ, 5 ఆడ ఎలుకలు. రోజూ ఒకే వేళకు, నోటి గుండా, 28 రోజులు. పై డోసు విష లక్షణాలు చూపించాలి గానీ చావునో తీవ్రమైన బాధనో తేకూడదు. డోసుల మధ్య రెండు నుంచి నాలుగు రెట్ల దూరం సరిపోతుంది.

రక్తంలో మొత్తం తెల్లకణాలతో పాటు వాటిలో ఏ రకం ఎంతుందో కూడా చూడాలి, శాతాల్లో మాత్రమే రాస్తే మోసపోతాం. లింఫోసైట్లు 70 శాతం నుంచి 55కి దిగాయంటే అవి తగ్గాయో, న్యూట్రోఫిల్స్ పెరిగాయో చెప్పలేం. అసలు సంఖ్య రాయండి. శవపరీక్షలో థైమస్, ప్లీహం, అడ్రినల్ గ్రంథులు తూకం వేయాలి. థైమస్ చిన్నది, చుట్టూ కొవ్వు అంటుకుని ఉంటుంది. ఒకే మనిషి, ఒకే పద్ధతిలో శుభ్రం చేసి తూకం వేయకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు. ప్లీహం, థైమస్, లింఫ్ గ్రంథులు, చిన్నపేగులోని పేయర్ ప్యాచెస్, ఎముక మజ్జ, వీటన్నిటి ముక్కలూ ఫార్మలిన్‌లో పెట్టి పాథాలజిస్టుకు పంపాలి. వయసుతో థైమస్ సహజంగానే కుదించుకుపోతుంది కాబట్టి ఎలుకలన్నీ ఒకే వయసువి, చిన్నవి కావాలి.

థైమస్ ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగుల్లో ట్రైబ్యూటైల్ టిన్ వాడేవాళ్ళు. ఎలుకలకు ఇస్తే అది థైమస్‌ను కుదించేస్తుంది. సముద్ర జీవులకు అది చేసిన హాని చూసి, ఓడల మీద దాని వాడకాన్ని అంతర్జాతీయ ఒప్పందంతో ఆపేశారు. ఆ ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది.

అయితే ఇవన్నీ ఇంకా లెక్కలే. 1992లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం శాస్త్రవేత్తలు, 50కి పైగా రసాయనాలను చిట్టెలుకల్లో పరీక్షించిన ఫలితాలను ఒకచోట పెట్టి, ఏ పరీక్ష ఎంత బాగా హానిని పట్టిందో చూశారు. రక్తంలో తెల్లకణాల లెక్క ఒక్కటే చూస్తే సరిగ్గా చెప్పగలిగింది 43 శాతమే. యాంటీబాడీ తయారుచేసే కణాలను కొలిచే పరీక్ష 78 శాతం. ప్లీహంలోని కణాలను వాటి ఉపరితల గుర్తుల ప్రకారం రకాలుగా విడదీసి లెక్కించడం 83 శాతం. ఇలా కణాలను విడదీసి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ యంత్రం అందుబాటులో ఉన్నవాళ్ళకు ఆ మూడోది వరం. మన కాలేజీల్లో చాలావాటికి ఆ యంత్రం లేదు. రెండోదానికి దగ్గరి చుట్టమైన, రక్తంలోని యాంటీబాడీని కొలిచే పరీక్షకు మాత్రం గొర్రె రక్తం చాలు.

గొర్రె రక్తంతో అసలు పరీక్ష

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎలుకకు గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కిస్తే, అవి పరాయివని గుర్తించి ఎలుక యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ పనికి యాంటీబాడీ చేసే బి కణాలు ఒక్కటే చాలవు. పరాయిదాన్ని పట్టి చూపించే కణాలు కావాలి, టి కణాల సాయం కావాలి. ఈ మూడింటిలో దేన్ని మందు దెబ్బతీసినా యాంటీబాడీ తగ్గుతుంది. ఒక్క పరీక్షతో మూడు భాగాలనూ తడిమి చూసినట్టే. అందుకే ఇది ఇన్ని దశాబ్దాలుగా నిలిచింది.

గొర్రెలకు పేరున్న జిల్లా మనది. పల్ల, జోడిపి, గోధుమరంగు గొర్రెల్లో ఏదైనా పర్వాలేదు, జాతి ముఖ్యం కాదు. ముఖ్యమైనది ఒకే గొర్రె. ఒక గొర్రె కణాలకు ఎలుక బలంగా స్పందిస్తుంది, ఇంకో గొర్రె కణాలకు బలహీనంగా. కబేళా నుంచి ఈ వారం ఒక సీసా, వచ్చే వారం ఇంకో సీసా తెచ్చుకుంటే, మీరు కొలిచేది మందు ప్రభావమో గొర్రెల మధ్య తేడానో తెలియదు. ఆరోగ్యంగా ఉన్న ఒక గొర్రెను చూసుకుని, దాని చెవికి గుర్తు పెట్టించి, పశువైద్యుడి చేత మెడ నరం నుంచి రక్తం తీయించండి. దీనికీ నీతి కమిటీ దరఖాస్తులో చోటు ఇవ్వండి.

రక్తాన్ని గడ్డకట్టకుండా చూసే ఆల్సీవర్ ద్రావణంలో సమానంగా కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. వాడే రోజు స్టెరైల్ సెలైన్‌తో మూడుసార్లు కడగాలి: సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం, పైనున్న ద్రవం, తెల్లటి పొర తీసేయడం, మళ్ళీ సెలైన్ పోయడం. కడిగిన నీరు ఎర్రగా వస్తోందంటే కణాలు పగిలిపోతున్నాయి, ఆ రక్తం పారబోయండి. తర్వాత న్యూబార్ చాంబర్‌లో లెక్కపెట్టి గాఢత సరిచేయాలి.

28 రోజుల పరీక్షలో 22వ రోజు ప్రతి ఎలుకకూ సమానమైన కణాలు పొట్టలోకి ఎక్కించండి. మందు ఆపకండి, 28వ రోజు దాకా ఇస్తూనే ఉండాలి. 29వ రోజు రక్తం తీయండి. ఈ ఎలుకలను వేరే గుంపుగా పెట్టుకోవడం మంచిది. గొర్రె కణాలు ఎక్కించాక ప్లీహం సహజంగానే ఉబ్బుతుంది, ఆ ఎలుకల ప్లీహం బరువు మీద మందు గురించి మాట్లాడలేం. గుంపుకు 8 ఎలుకలైనా ఉండాలి. యాంటీబాడీ స్పందన ఎలుకకు ఎలుకకు బాగా మారుతుంది, ఐదారు ఎలుకలతో అసలు తేడా కూడా కనబడకుండా పోతుంది.

ఇంకో రెండు గుంపులు తప్పనిసరి. ఒకటి, మందు కరిగించిన ద్రవం మాత్రమే ఇచ్చినది. రెండు, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చినది. దానిలో యాంటీబాడీ గట్టిగా తగ్గాలి. తగ్గలేదంటే మీ పరీక్షే పనిచేయడం లేదు, మీ మందు గురించి ఒక్క మాటైనా చెప్పే హక్కు ఆ రోజు మీకు లేదు. సైక్లోఫాస్ఫమైడ్ కణాలను చంపే మందు. గ్లవ్స్, మాస్కు లేకుండా తూకం వేయకండి, ఆ ఎలుకల పంజరాల్లోని పొట్టును విడిగా పారేయించండి.

కొలత ఇలా. సీరం తీసి 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచండి. గుండ్రటి అడుగున్న 96 గుంటల ప్లేటు తీసుకోండి. ప్రతి గుంటలో 25 మైక్రోలీటర్ల సెలైన్ పోసి, మొదటి గుంటలో 25 మైక్రోలీటర్ల సీరం కలిపి, అందులోంచి 25 రెండో గుంటకు, అక్కడి నుంచి మూడోదానికి, అలా సగం సగం పలుచన చేస్తూ వెళ్ళండి. చివరి గుంట నుంచి 25 తీసి పారేయండి. తర్వాత అన్ని గుంటల్లో ఒక శాతం గొర్రె కణాల ద్రావణం 25 మైక్రోలీటర్లు వేసి, 37 డిగ్రీల్లో గంటసేపు కదపకుండా ఉంచండి. యాంటీబాడీ ఉన్న గుంటలో కణాలు అడుగంతా చాపలా పరుచుకుంటాయి. లేని గుంటలో జారి మధ్యలో చిన్న ఎర్ర చుక్కగా చేరతాయి. చాప కనబడిన ఆఖరి పలుచన ఎంతో అదే టైటర్. సీరం వేయని గుంటలు కొన్ని పెట్టండి, అక్కడ చుక్క మాత్రమే రావాలి.

ప్లేటు చదివే మనిషికి ఏ సీరం ఏ గుంపుదో తెలియకూడదు. చాపకూ చుక్కకూ మధ్యలో ఉండే సందేహపు గుంటల దగ్గర మన కోరికే మన కన్నుగా మారుతుంది. సంకేత సంఖ్యలు వేసి స్నేహితుడి చేత చదివించండి. టైటర్లు రెట్టింపులుగా పెరుగుతాయి కాబట్టి సగటు తీసే ముందు 2 ఆధారంగా లాగరిథమ్‌లోకి మార్చాలి. ఆడ ఎలుకలు సాధారణంగా మగవాటికన్నా ఎక్కువ యాంటీబాడీ చేస్తాయి, ఆడ మగ లెక్కలు కలిపేయకండి.

పెద్ద కంపెనీల ల్యాబుల్లో గొర్రె కణాల స్థానంలో ఇప్పుడు ఎక్కువగా కేఎల్‌హెచ్ వాడుతున్నారు. కాలిఫోర్నియా తీరంలో దొరికే ఒక సముద్రపు నత్త రక్తంలోని ప్రొటీన్ అది. బ్యాచ్‌ల మధ్య తేడా తక్కువ, ఎలైజా పరీక్షతో ఐజీఎం, ఐజీజీ అనే యాంటీబాడీ రకాలను విడివిడిగా కొలవొచ్చు. ఖర్చు భరించగలిగితే అదే మేలు.

ఈ పరీక్ష చెప్పేది మనుషులకూ వర్తిస్తుందా అని సందేహం రావచ్చు. టీకా వేసినప్పుడు పిల్లల ఒంట్లో జరిగేది ఇదే పని. నాన్‌స్టిక్ పూతల తయారీలోనూ, మరకలు పట్టని బట్టల్లోనూ వాడిన పీఎఫ్ఏఎస్ రసాయనాలు ఒంట్లో ఎక్కువగా ఉన్న పిల్లల్లో టీకాల యాంటీబాడీలు తక్కువగా కనబడ్డాయి. ఆ ఆధారంతోనే యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో అలాంటి నాలుగు రసాయనాలకు కలిపి, వారానికి ఒంటి బరువు కిలోకు 4.4 నానోగ్రాములు అని పరిమితి పెట్టింది. తెల్లకణాల లెక్క చూసి పెట్టిన పరిమితి కాదది.

ఎలుక టెన్షన్‌ను మందు తప్పుగా రాయకండి

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. జంతుశాల 22 డిగ్రీల దగ్గర, మూడు డిగ్రీలు అటూ ఇటూగా ఉండాలి. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే ఎలుకకు కార్టికోస్టిరోన్ పెరుగుతుంది. ఆ హార్మోన్ లింఫోసైట్లను తగ్గిస్తుంది, థైమస్‌ను చిక్కబరుస్తుంది. మీరు మందును అనుమానిస్తారు. గొడవ చేసే పక్క గది, కొత్త మనిషి చేయి, ఇరుకు పంజరం, ఇవన్నీ అదే పని చేస్తాయి. జనరేటర్ లైను జంతుశాలకు ఉందో లేదో పని మొదలుపెట్టే ముందు చూసుకోండి, వీలైతే మే నెలను వదిలేయండి. గదిలో ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు పుస్తకంలో రాయండి.

విడదీసే పద్ధతి ఉంది. న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గి, అడ్రినల్ బరువు పెరిగి థైమస్ బరువు తగ్గి, అదీ ఎలుకలు బాగా చిక్కిపోయిన పై డోసులోనే కనబడితే అది ఒత్తిడి అయ్యే అవకాశం ఎక్కువ. ఎలుకల బరువు బాగానే ఉండి, అడ్రినల్ మామూలుగా ఉండి, మధ్య డోసులో కూడా యాంటీబాడీ తగ్గి, డోసుతో పాటు ఆ తగ్గుదల పెరుగుతూ పోతే మందునే పట్టుకోండి. "ఒత్తిడి వల్ల" అని తేలిగ్గా తోసిపారేయడానికి మాత్రం ఈ వాదన వాడకండి. ఆ మాటకు ఆధారం చూపించాల్సింది మీరే.

వీలైతే పై డోసు ఎలుకలు కొన్నింటిని మందు ఆపి ఇంకో నాలుగు వారాలు ఉంచండి. దెబ్బ తిరిగి కోలుకుంటుందా అన్నది డాక్టరుకు చాలా అవసరమైన సమాచారం.

అలర్జీ పరీక్ష

దీనికి ఇదివరకు గినీ పందులు వాడేవాళ్ళు. తర్వాత చిట్టెలుక చెవి మీద మూడు రోజులు రసాయనం పూసి, చెవి దగ్గరి లింఫ్ గ్రంథుల్లో కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో కొలిచే పద్ధతి వచ్చింది. అదే ఓఈసీడీ 429. కంట్రోల్‌కన్నా మూడు రెట్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అలర్జీ తెచ్చే రసాయనం. దానికి రేడియోధార్మిక పదార్థం కావాలి. అది లేకుండా బ్రోమోడీఆక్సీయూరిడిన్, ఎలైజాతో చేసేది 442బి, అందులో హద్దు 1.6 రెట్లు.

ఇప్పుడైతే జంతువు లేకుండానే చాలావరకు తేల్చవచ్చు. రసాయనం ప్రొటీన్‌కు అతుక్కుంటుందా, చర్మ కణాలు హెచ్చరిక జన్యువులు లేపుతున్నాయా, పరాయిదాన్ని పట్టి చూపించే డెండ్రైటిక్ కణాల లాంటివి మేలుకుంటున్నాయా అని మూడు గాజుపాత్ర పరీక్షలున్నాయి. మూడింట్లో రెండు ఏమంటే అదే తీర్పు. ఈ పద్ధతిని 2021లో ఓఈసీడీ 497వ మార్గదర్శకంగా ఒప్పుకుంది. హెయిర్ డై, సబ్బు, లేపనం లాంటివి మీ అంశమైతే ఎలుకల కోసం అడగకుండా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

మనిషి రక్తంతో చూడాల్సినవి

2006 మార్చిలో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీ మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు మొదటిసారి ఇచ్చారు. కోతుల్లో ఏ హానీ చేయని డోసులో 500వ వంతు మాత్రమే. కొన్ని గంటల్లోనే ఆరుగురూ సైటోకైన్ తుఫానులో, అంటే రోగనిరోధక కణాల సంకేత ప్రొటీన్లు ఒక్కసారిగా పోటెత్తడంలో, చిక్కి ఐసీయూకు చేరారు. ప్రాణాలు దక్కాయి గానీ తీవ్రంగా దెబ్బతిన్నారు. ఆ మందు అంటుకునే సీడీ28 అనే గుర్తు, మనిషి టి కణాల్లో ఒక ముఖ్యమైన రకం మీద ఉంటుంది, ఆ కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదు. కోతి పరీక్ష నిజమే చెప్పింది, కోతి గురించి.

అందుకే రోగనిరోధక కణాలను లేపే మందైతే మనిషి రక్త కణాలతో పరీక్ష తప్పదు. దాత సమ్మతి పత్రం, మానవ నీతి కమిటీ అనుమతి తీసుకుని, తాజా రక్తంలో మందు కలిపి సైటోకైన్లు కొలవాలి. టీజీఎన్1412 లాంటి యాంటీబాడీలు ద్రవంలో తేలుతూ ఉంటే ఏమీ చేయవు, ప్లేటుకు అతికిస్తేనే గుణం చూపిస్తాయి, రెండు విధాలా పెట్టి చూడండి. కణాలు బతికున్నాయా అని ట్రిపాన్ బ్లూ అనే రంగుతో ముందు చూడాలి, చచ్చిన కణం సైటోకైన్ చేయకపోతే దాన్ని అణచివేత అనలేం. ఎండోటాక్సిన్ (కొన్ని బ్యాక్టీరియాల గోడలోని విషం) కూడా పరీక్షించాలి. శుభ్రంగా తయారుకాని మూలికా సారంలో బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ రవ్వంత ఉన్నా తెల్లకణాలు చెలరేగుతాయి. "ఇమ్యూనిటీ పెంచింది" అన్న ఎన్నో ఫలితాల వెనుక ఉండగలిగిన కారణం ఇది. 2023లో మన కొత్త మందుల నియమాలను సవరించి, కణాల పరీక్షలకూ, జంతువులు లేని ఇతర పద్ధతులకూ చోటిచ్చారు కాబట్టి ఈ దిశలో నేర్చుకున్నది వృథా కాదు.

రిపోర్టు రాసేటప్పుడు

"రోగనిరోధక వ్యవస్థకు హాని లేదు" అన్న వాక్యం రాయకండి. "ఫలానా డోసు వరకు, 28 రోజులు నోటి గుండా ఇచ్చినప్పుడు, గొర్రె ఎర్ర రక్తకణాలకు ఎలుకల యాంటీబాడీ స్పందన తగ్గినట్టు కనబడలేదు, సైక్లోఫాస్ఫమైడ్ గుంపులో తగ్గింది" అని రాయండి. పొడవైనా అదే నిజం. యాంటీబాడీ పెరిగితే దాన్ని మంచి వార్తగా రాయకండి. అవసరానికి మించి పెరగడమూ హానే కావచ్చు. తిప్పతీగ వాడిన కొందరిలో ఆటోఇమ్యూన్ తరహా కాలేయ జబ్బు కనబడిందని 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. తేడా గణాంకాల్లో నిలిచిందా అన్నదాంతో పాటు ఎంత పెద్దది, డోసుతో పెరిగిందా, థైమస్, కణాల లెక్క, యాంటీబాడీ ఒకే కథ చెబుతున్నాయా అన్నది వివరించండి. చెప్పకపోతే ఆ మాటా రాయండి.

ప్రతి ఎలుక అంకె విడిగా అనుబంధంలో ఇవ్వండి, సగటు మాత్రమే కాదు. మధ్యలో చనిపోయిన ఎలుక ఏ గుంపుది, ఎందుకు చనిపోయిందో దాచకండి. ప్రతి సీరం నుంచి రెండేసి చిన్న గొట్టాలు విడిగా తీసి, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టి, జాబితాను గైడ్ దగ్గరా డిపార్ట్‌మెంట్ దగ్గరా ఉంచండి. మైనం దిమ్మెలు, స్లైడ్లు కూడా పారేయకండి. వైవాలో ఎగ్జామినర్ టైటర్ల మీద అనుమానం పడితే, మళ్ళీ ప్లేటు వేసి చూపించడానికి ఆ రెండో గొట్టమే ఆధారం.